మా కోనేటికి గ్రిల్ కట్టి ఫౌంటెన్ పెడతారట. వద్దంటే నేను ఊరికి అడ్డం పడినట్టా?

కోనేటిగట్టు టైలరు:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా. గజపతినగరం నుంచి ఆటో ఎక్కితే అరగంటలో వస్తుంది. ఊరి పేరు రాయను. రాస్తే రేపు పొద్దున్నే నా షాపు ముందు పదిమంది చేరతారు.

కోనేటి గట్టు మీద నాది చిన్న టైలరింగ్ షాపు. 22 ఏళ్ల నుంచి జాకెట్లు కుడుతున్నాను. మిషన్ కిటికీకి ఎదురుగా ఉంటుంది. అందుకని ఎవరు మునిగారో, ఎవరు తేలారో, చీకటి పడ్డాక చెత్త సంచి విసిరి ఏమీ ఎరగనట్టు ఎవరు వెళ్లిపోయారో, అన్నీ నాకు తెలుసు. చెప్పను, వాళ్ల జాకెట్లు కూడా నేనే కుట్టాలి.

కోనేటికి నాలుగు పక్కలా రాతి మెట్లున్నాయి. ఎండాకాలం నీళ్లు లాగినప్పుడు 17 వరకు లెక్కపెట్టాను, ఆ కింద బురద. నడిమిన నాలుగు స్తంభాల మండపం. ఉత్తరం వైపు మెట్లు ఆడవాళ్లవి. నాకు ఏడేళ్లప్పుడు మా మామ్మ తెల్లారగట్ల నాలుగింటికి లేపి తీసుకెళ్లేది. మగవాళ్లు లేవకముందే ఆడవాళ్ల స్నానాలు అయిపోవాలి మరి. ఎండిన ఆనపకాయ బుర్రలు రెండు తాడుకి కట్టి నా చంకల కింద పెట్టి నీళ్లలోకి తోసేసింది. నేను కాళ్లూ చేతులూ టపటపా కొట్టేస్తుంటే, "ఒలే, నీటితో తగువేటే నీకు? కొట్టకు, పక్కకి తోసుకో" అంది. ఈతంటే నాకిప్పటికీ ఆ ఒక్క మాటే. వారం తిరక్కుండా బుర్రలు తీసేసింది.

తర్వాత ఇళ్లలో బాత్రూములు వచ్చాయి, బోర్లు వచ్చాయి. రెండు వీధుల మురికి కాలవ తెచ్చి ఇందులో కలిపారు. వినాయకులు ఏడాదికేడాది పెద్దవాళ్లవుతున్నారు. 2014 హుద్‌హుద్ తుపానుకి తూర్పు గట్టు మీది రావిచెట్టు పడిపోయింది, పడుతూ వేళ్లతో పాటు ఆరు మెట్లు పెకలించుకుపోయింది. అవి ఇప్పటికీ అలాగే నోరు తెరుచుకుని ఉన్నాయి. అయినా రోజూ అయిదారుగురు ముసలివాళ్లు దిగుతారు. కార్తీకమాసంలో అరటి దొప్పల్లో దీపాలు వదలడానికి ఊరంతా వస్తుంది. సెలవుల్లో కుర్రాళ్లు మండపం మీంచి దూకుతారు.

ఇప్పుడు అసలు సంగతి. మా ఊరాయన ఒకరు విశాఖలో బాగా సంపాదించి, వాళ్ల నాన్నగారి పేరు మీద కోనేరు బాగుచేయిస్తానని ముందుకొచ్చారు. మంచి మనసే, కాదనను. ఊరి సభలో ప్లాను చూపించారు. చుట్టూ ఆరడుగుల గ్రిల్, ఒక గేటు, గేటుకి తాళం. అడుగంతా కాంక్రీటు. మెట్లకి టైల్స్. మధ్యలో రంగుల లైట్ల ఫౌంటెన్. గట్టు మీద వాకింగ్ ట్రాక్. 'ఐ లవ్' అని ఊరి పేరు పెద్దక్షరాలతో, పక్కన ఫొటో దిగడానికి గుండె బొమ్మ. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను లేచి "మరి స్నానం?" అని అడిగాను.

అందరూ నవ్వారు. ఒకాయన, "మీ ఇంట్లో బాత్రూం లేదేటమ్మా?" అన్నాడు.

నాకు చిరాకు పుట్టింది గానీ ఏం చెప్పాలో అప్పుడు తోచలేదు. రెండు రాత్రులు నిద్రలేదు, టెన్షన్. కోనేరు పూడ్చేయట్లేదు కదా, బాగుచేస్తామంటున్నారు కదా, మరి నాకెందుకీ బాధ? నేనడిగేది ఇది. ఒకటి, కాంక్రీటు వేస్తే కోనేటికి ఏమవుతుంది? రెండు, ఇలాంటివి ఎక్కడైనా జనమే నిలబెట్టుకున్నారా, ఎలా? మూడోది మీరే చెప్పాలి, నాది ఉత్త మొండితనమా?

పాత సర్వేయరు:

అమ్మా, రాళ్ల సంగతి తర్వాత, ముందు కాగితం చూడండి. నేను రెవెన్యూలో గొలుసు లాగి రిటైరైనవాణ్ణి. ఉత్తరాంధ్రలో చాలా ఊళ్లు జమీందారీ ఊళ్లే. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే సెటిల్‌మెంటు చేసి రాసిన రిజిస్టరు ఉంటుంది, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అంటాం. అందులో మీ కోనేటి సర్వే నంబరు, విస్తీర్ణం, ఏ రకం భూమో రాసి ఉంటుంది. పోరంబోకు అనుంటే ఒక దారి, దేవుడి పేరుంటే ఇంకో దారి. దేవుడి పేరుంటే దేవాదాయ శాఖని అడక్కుండా టైలు ముక్క కూడా వెయ్యకూడదు.

ఎఫ్.ఎం.బి. స్కెచ్, అంటే సర్వే నంబరు కొలతల పటం, దాని కాపీ కూడా తీసుకోండి. కోనేటి నాలుగు మూలలూ కొలతలతో అందులో ఉంటాయి. కాపీలు తేలిగ్గా ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ స్కెచ్చి పట్టుకుని గట్టు కొలిపించండి. ఒక్క మాట ముందే చెప్తున్నా, ఏమనుకోకండి. గట్టు మీద షాపన్నారు. కొలిచేటప్పుడు గొలుసు అందరి అరుగుల మీంచీ పోతుంది.

చట్టం అవసరమైతే అదీ ఉంది. 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెరువులూ కుంటలూ ఊరుమ్మడి ఆస్తి, వాటిని ఇళ్ల స్థలాలుగా ఇవ్వడం చెల్లదు అంది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తీయించడానికి ఏర్పాట్లు చెయ్యమని అన్ని రాష్ట్రాలనీ ఆదేశించింది. మన దగ్గర నీరు, భూమి, చెట్ల రక్షణకి 2002 వాల్టా చట్టం ఎలాగూ ఉంది. అయితే ఇవి జేబులో పెట్టుకోండి, మొదటిరోజే బయటకి తీయకండి. డబ్బిస్తానన్న మనిషికి నోటీసు పంపితే మీకు గ్రిల్ ఉండదు, డబ్బూ ఉండదు, ఆరు మెట్లు అలాగే నోరు తెరుచుకుని ఉంటాయి.

చెరువులు బాగుచేసే కేంద్ర పథకం అమృత్ సరోవర్ కింద వెయ్యొచ్చు కదా అని ఎవరో ఒకరు అంటారు. 2022లో వచ్చిన ఆ పథకం కనీసం ఎకరం ఉన్న చెరువులకి. మీది మెట్ల కోనేరంటున్నారు కాబట్టి అంత ఉండకపోవచ్చు, చూసుకోండి.

ఇద్దరు పిల్లల తండ్రి:

అందరూ మెచ్చుకుంటున్నారు గానీ నేను మెచ్చుకోను. మేడమ్, నేను బొబ్బిలి వైపువాణ్ణి. మా బంధువులబ్బాయి తొమ్మిదేళ్లవాడు బందలో, అంటే చిన్న చెరువులో, పడి చనిపోయాడు. నాలుగేళ్లైంది, వాళ్లమ్మ ఇప్పటికీ నీళ్ల వైపు చూడదు. మీకు మామ్మ జ్ఞాపకాలు. వాళ్లకి ఒక్కటే జ్ఞాపకం. గ్రిల్ వేస్తామంటే దండం పెట్టి వేయించుకోండి. ఈత కావాలంటే విజయనగరం వెళ్లి నేర్చుకోమనండి.

కోనేటిగట్టు టైలరు:

అన్నయ్యా, ఆ తల్లి గురించి విని నా చెయ్యి ఆడలేదు. మీ మాటకి ఎదురు చెప్పాలని కాదు, నేను చూసిందొకటి చెప్తాను.

నాలుగేళ్ల కిందట మధ్యాహ్నం రెండింటప్పుడు, గట్టు మీద మనిషి లేడు. దక్షిణం మెట్ల మీద నాచు పట్టి ఉంది. రెండో తరగతి పిల్లాడు జారి పడ్డాడు. అరవలేదు. ఇది మీ అందరికీ తెలియాలి, మునిగేవాళ్లు సినిమాలో లాగా అరవరు. తల వెనక్కి వాలిపోయి నోరు నీటి అంచున పైకీ కిందకీ ఆడుతోంది, అంతే. నేను కిటికీ లోంచి చూశాను కాబట్టి సరిపోయింది. షాపులో లైనింగ్ గుడ్డ తాను ఉంది, ఎర్రది, పది మీటర్లు. ఒక కొస చేతికి చుట్టుకుని తాను విసిరాను. రెండోసారికి పట్టుకున్నాడు. ఆ గుడ్డ తర్వాత అమ్మలేదు, దాచుకున్నాను.

ఆరడుగుల గ్రిల్, తాళం ఉండుంటే వాడు పడేవాడు కాదంటారు మీరు. నిజమే కావచ్చు. మా కుర్రాళ్లు గ్రిల్ ఎక్కకుండా ఉండరని నేనంటాను. ఎక్కి దూకాక, తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కుంటూ మేం బయట నిలబడాలి. అదీ నా భయం.

108 బండి:

నేను శ్రీకాకుళం జిల్లాలో 108లో చేస్తాను. ఇద్దరూ కరెక్టే చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా రెండూ కలిపే. చిన్నపిల్లలు నీళ్ల దగ్గరికి పోకుండా అడ్డు ఉండాలి, ఆరేళ్లు దాటిన పిల్లలకి ఈత నేర్పాలి, చుట్టుపక్కలవాళ్లకి కాపాడటం నేర్పాలి. అడ్డు అంటే చిన్నపిల్లలు తెరవలేని గేటు, నడుమెత్తు గోడ. తాళం కాదు.

టైలరమ్మ గారు చేసినదే సరైన పద్ధతి. దూకకండి. విసరండి. తాడు, ట్యూబు, పొడుగు వెదురు గెడ, చివరికి ఖాళీ క్యాను మూత బిగించి విసిరినా తేలుతుంది. ఈత వచ్చినవాళ్లు కూడా కంగారుగా దూకితే మునిగేవాడు మెడ పట్టుకుంటాడు, ఇద్దరినీ ఒకే బండిలో తీసుకెళ్లిన రోజులున్నాయి నాకు. బయటకి తీశాక ఊపిరి లేకపోతే పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పడం చెయ్యొద్దు. నోట్లో ఊపిరి ఊదాలి, ఛాతీ మధ్యలో నొక్కాలి, ఎవరో ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. మీ ఊళ్లో పదిమంది చేరితే సెలవు రోజున వచ్చి బొమ్మ మీద చేయించి చూపిస్తాను, డబ్బులేం వద్దు.

సున్నం పని:

కాంక్రీటు ప్రశ్నకి నేను చెప్తాను. సివిల్ ఇంజనీర్ని, పాత గుళ్ల మరమ్మతులు చేస్తుంటాను.

కోనేటి మెట్ల గోడ ఎలా నిలబడిందో ముందు తెలియాలి. రాయి మీద రాయి, వెనక చిన్న రాళ్లు, ఆ వెనక బంకమన్ను. సందుల్లోంచి నీళ్లు అటూ ఇటూ తిరుగుతుంటాయి. వానాకాలం గట్టు నానిపోతే ఆ నీరు సందుల్లోంచి కోనేట్లోకి జారి గోడ మీద ఒత్తిడి తగ్గుతుంది. ఆ సందులన్నీ సిమెంటుతో మూసి పైన టైల్స్ అంటిస్తే నీరు గోడ వెనకే నిలుస్తుంది. రెండు మూడు వానాకాలాలకి గోడ పొట్ట ముందుకొస్తుంది. అప్పుడు కాంట్రాక్టరు రాళ్లు పాతవైపోయాయండీ అంటాడు. నాచు పడితే టైలు రాయి కంటే జారుతుంది కూడా. దక్షిణం మెట్ల మీద జారిన పిల్లాడి సంగతి ఇప్పుడే చదివాను.

అడుగు కాంక్రీటు చేస్తే కింద ఊట ఉంటే అది మూసుకుపోతుంది. చుట్టూ బావుల్లోకి ఇంకే నీరూ ఆగుతుంది. అప్పుడది కోనేరు కాదు, పెద్ద తొట్టె. తొట్టెకి నీళ్లు కొనాలి, మార్చాలి. ఫౌంటెన్ మోటారు ఏడాది తిరుగుతుంది, రెండో ఏడు కరెంటు బిల్లు దగ్గర ఆగుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్ని మాత్రం మర్చిపోకండి. పూడిక తీయడానికి పెద్ద మోటార్లు పెట్టి ఒకటి రెండు రోజుల్లో నీళ్లన్నీ తోడేస్తారు. గట్టు మన్ను లోపల ఇంకా తడిగా, బరువుగా ఉంటుంది, ఇటు అడ్డుపట్టే నీళ్లు ఉండవు. మెట్లు వరసంతా జారి లోపలికి కూర్చుంటాయి. బాగున్న కోనేళ్లు ఇలాగే పాడవుతాయి. రోజుకి ఒక మెట్టు కంటే ఎక్కువ దించకండి. మీ 17 మెట్లకి 17 రోజులు పట్టనివ్వండి.

వరస ఇది. ముందు మురికి కాలవని పక్కకి తిప్పాలి. అది తిప్పకుండా పూడిక తీస్తే ఇల్లు ఊడ్చి చెత్త గుమ్మంలో పోసుకున్నట్టు. తర్వాత ఏప్రిల్, మే నెలల్లో పూడిక. అడుగున గట్టిగా, జిగటగా ఉండే పాత బంకమన్ను తగలగానే ఆపెయ్యాలి, అది తవ్వకూడదు. చాలా కోనేళ్లకి నడిమిన నుయ్యి ఉంటుంది, ఉంటే చేపలు అందులో చేరతాయి, వాటిని వదిలెయ్యండి, దోమ పిల్లల్ని తినేది అవే. పూడిక మట్టిలో ప్లాస్టిక్ ఏరి పొలాలకి తోలుకోవచ్చు. చివరగా పెకలిన ఆరు మెట్లు. అవే రాళ్లు నీటిలో ఎక్కడో పడి ఉంటాయి, తీసి మళ్లీ పేర్చాలి. సున్నం వాడాల్సి వస్తే గానుగ సున్నమే, కరక్కాయ, బెల్లం నీళ్లతో. చేసేవాళ్లు మన వైపు ఇంకా దొరుకుతారు.

నీళ్ల పరీక్ష కూడా చేయించండి. స్నానానికి పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ఉంది. 100 మిల్లీలీటర్లలో మొత్తం కోలిఫాం, అంటే మురికిని పట్టిచ్చే బాక్టీరియా, 500 దాటకూడదు, కరిగిన ఆక్సిజన్ లీటరుకి 5 మిల్లీగ్రాములకి తగ్గకూడదు, బీఓడీ, అంటే నీటిలోని మురికి కుళ్లడానికి లాగేసే ఆక్సిజన్, లీటరుకి 3 మిల్లీగ్రాములు దాటకూడదు, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఇప్పుడు మీ నీళ్లు ఇందులో నెగ్గవు, మురికి కాలవ ఉండగా ఎలా నెగ్గుతాయి? ఆ కాగితం సభలో చూపిస్తే ముందు కాలవ సంగతి కదులుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని అదే మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది, అవీ ప్రింటు తీసి పెట్టుకోండి.

రాజాం అబ్బాయి, బర్మింగ్‌హామ్ నుంచి:

అక్కా, "ఇంట్లో బాత్రూం లేదా" అన్న మాట ఇక్కడ కూడా అన్నారు. అందుకే రాస్తున్నాను.

బర్మింగ్‌హామ్‌లో బాల్సాల్ హీత్ అనే పేట ఉంది, అక్కడ మోస్లీ రోడ్ బాత్స్ అని ఎర్ర ఇటుకల ఈత కొలనుల భవనం. 1907 అక్టోబరు 30న తెరిచారు. అప్పట్లో కూలిపని చేసేవాళ్ల ఇళ్లలో స్నానాల గది ఉండేది కాదు. అందుకని రెండు ఈత కొలనులతో పాటు వేడినీళ్ల తొట్టెలున్న 46 చిన్న గదులు కట్టారు. డబ్బిచ్చి ఒళ్లు తోముకుని వెళ్లేవారు. ఆ తొట్టెలు 2004 వరకు వాడారంటే నమ్ముతారా. ఇంగ్లండులో, 2004 వరకు.

మెల్లగా ఇళ్లలో బాత్రూములు వచ్చాయి, భవనం పాతబడింది. పెద్ద కొలను 2003లో మూసేశారు. చిన్నది మిగిలింది. అది కూడా మూసేస్తారని తెలిశాక ఈతకొచ్చేవాళ్లే 2006లో ఒక సంఘంగా చేరారు. వాళ్లేమీ పెద్దవాళ్లు కాదు, ముసలమ్మలు, టీచర్లు, పాకిస్తానీ ఆడవాళ్లు, జమైకా నుంచి వచ్చిన తాతలు. వాళ్లు చేసిన ముఖ్యమైన పని ఏంటంటే ఈతకి రావడం మానలేదు. ఉత్తరాలు రాశారు, పాత ఫొటోలు, జ్ఞాపకాలు పోగుచేశారు, వారసత్వ సంస్థల్ని పిలిచి చూపించారు. 2016లో ప్రపంచ కట్టడాల నిధి వాళ్లు ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చారు. చివరికి 2018 ఏప్రిల్ నుంచి ఈత కొలను నడిపే పని జనమే తీసుకున్నారు, ఒక ధర్మసంస్థగా. మా అమ్మాయి ఈత నేర్చుకుంది అక్కడే.

దీనికి పక్కనే ఇంకో కథ. మాంచెస్టర్‌లో విక్టోరియా బాత్స్, 1906లో తెరిచారు. దానికంటే అందంగా ఉంటుంది, రంగు అద్దాలు, పింగాణీ పలకలు, నీళ్ల రాజభవనం అంటారు. 1993లో మూసేశారు. దాని కోసం కూడా జనం చాలా పోరాడారు. 2003లో టీవీ పోటీలో జనం ఓట్లేసి గెలిపించారు, ముప్పై లక్షల పౌండ్ల పైన వచ్చాయి. కప్పు బాగుచేశారు, ముందు భాగం మెరిసిపోతుంది. చూడటానికి వెళ్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, షూటింగులు జరుగుతాయి. రోజూ ఈత మాత్రం తిరిగి రాలేదు. ఒక్కసారి మూశాక నీళ్లు మళ్లీ రప్పించడానికి భవనం బాగుచేసినంత ఖర్చు మళ్లీ కావాలి, దానికి మాత్రం ఎవరూ త్వరగా ఓటెయ్యరు.

అందుకని మీకు చెప్పేది ఒక్కటే అక్కా. పనులు జరిగేటప్పుడు కూడా ఒక పక్క మెట్లు తెరిచే ఉంచమనండి. ఆ అయిదారుగురు ముసలివాళ్ల స్నానం ఒక్కరోజు కూడా ఆపనివ్వకండి.

పెద్దపేట:

అందరూ బాగా చెప్పారు. నాదో చిన్న ప్రశ్న, టైలరు గారికి. మీ మామ్మగారు మీకు ఈత నేర్పిన మెట్లు దిగడానికి ఊళ్లో అందరికీ వీలుండేదా? మా అమ్మమ్మది కూడా విజయనగరం జిల్లాయే, కోనేరున్న ఊరే. ఆవిడకి ఈత రాదు.

కోనేటిగట్టు టైలరు:

రెండు రోజులు జవాబు రాయలేదు. ఏం రాయాలో తెలియక.

లేదు. అందరికీ ఉండేది కాదు. మీ అమ్మమ్మలాంటి వాళ్లు మా ఊళ్లో గెడ్డకి, అంటే వాగుకి, వెళ్లేవారు, ఎండాకాలం గెడ్డ ఎండితే చెలమ తవ్వుకునేవారు. నా చిన్నప్పుడు కాగితం మీద అడ్డేమీ లేదు, కానీ ఎవరూ దిగేవారు కాదు. ఎందుకు దిగరని నేనెప్పుడూ అడగలేదు. ఉత్తరం మెట్లు ఆడవాళ్లవని మొదటి పోస్టులో రాశానే, 'మా వీధుల ఆడవాళ్లవి' అని రాయాల్సింది.

రాజాం తమ్ముడూ, ఆ మోస్లీ రోడ్డులో కూడా ఇలాంటిదేమైనా ఉండేదా?

రాజాం అబ్బాయి, బర్మింగ్‌హామ్ నుంచి:

ఉండేదక్కా. భవనానికి ముందు మూడు గుమ్మాలు. ఒకటి మగవాళ్ల ఫస్ట్ క్లాస్, ఒకటి మగవాళ్ల సెకండ్ క్లాస్, ఒకటి ఆడవాళ్లది. గుమ్మాల మీద ఆ అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి, చెరపలేదు. ఇప్పుడు ఆ తేడాలు లేవు.

పాత సర్వేయరు:

అమ్మా, కాగితాలు వచ్చాయా?

కోనేటిగట్టు టైలరు:

వచ్చాయండి. చెప్తాను, నవ్వకండి.

రిజిస్టర్లో కోనేరు అనే రాసుంది, పక్కన పోరంబోకు అనుంది. దేవుడి పేరు లేదు. ఎఫ్.ఎం.బి. పట్టుకుని మండల సర్వేయరు వచ్చి నాలుగు పక్కలా కొలిచారు. పశ్చిమ గట్టు మీద మూడు షాపుల ముందు భాగం కోనేటిదేనని తేలింది. పాన్ షాపు, సెల్ రీచార్జి షాపు, నాది. నా షాపు రేకులూ అరుగూ కలిపి నాలుగడుగులు. మీరు ముందే అన్నారు గొలుసు అందరి అరుగుల మీంచీ పోతుందని. 22 ఏళ్లు ఆ నాలుగడుగుల మీద కూర్చునే నేను కోనేటి ఆక్రమణల గురించి అందరికీ చెప్పాను.

ఆ రోజే మేస్త్రీని పిలిచి అరుగు కొట్టించేశాను. మూడు వేలు అయ్యింది. మిషన్ లోపలికి జరిగింది, ఇప్పుడు కిటికీలోంచి దక్షిణం మెట్లు కనపడవు, అదొక్కటే బాధ. కానీ తర్వాత సభలో లేచి మాట్లాడితే ఎవరూ నవ్వలేదు. పాన్ షాపతను మాత్రం నాతో మాట్లాడట్లేదు.

డబ్బిస్తానన్న ఆయన దగ్గరికి విశాఖ వెళ్లాను, మా ఊరి ముసలి మాస్టారిని వెంటబెట్టుకుని. సున్నం పని గారు రాసిందంతా ప్రింటు తీసి ఇచ్చాను. గోడ పొట్ట ముందుకొస్తుందన్న చోట ఆయన రెండుసార్లు చదివారు. వాళ్ల నాన్నగారు ఏ వైపు మెట్లు దిగేవారని అడిగాను. తూర్పు వైపు, రావిచెట్టు కింద, అన్నారు. అవే మెట్లు పెకలిపోయి పదేళ్లు దాటిందన్నాను. ఆయనకి తెలియదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కాంక్రీటు, టైల్స్ మానేశారు. కాలవ తిప్పడానికి డబ్బిస్తానన్నారు, ముందు అదే చేద్దామన్నారు. గ్రిల్ బదులు నడుమెత్తు రాతి గోడ, నాలుగు పక్కలా పిల్లలు తెరవలేని చిన్న గేట్లు, తాళం లేకుండా. ఫౌంటెన్ విషయం తేల్లేదు, ఆయనకి ఫౌంటెన్ అంటే బాగా ఇష్టం. 'ఐ లవ్' బోర్డు వస్తుంది, దాన్ని ఆపడం నా వల్ల కాలేదు. బస్టాండు దగ్గర పెట్టుకోమన్నాను.

పెద్దపేట గారూ, మీ ప్రశ్న సభలో నేనే అడిగాను. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా వీధి పెద్దావిడ ఒకావిడ, రోజూ దిగే ఆ అయిదారుగురిలో ఆవిడొకరు, "అలగైతే ఆళ్ల గుంటల్ని కూడా పొద్దున్న రమ్మనండి, నాను నేర్పుతాను, నాకేటి పని?" అంది. గుంటలంటే మా వైపు ఆడపిల్లలు. వేరేవాళ్ల ముఖాలు ఎలా ఉన్నాయో రాయను. కానీ ఎవరూ వద్దనలేదు. వచ్చే ఎండాకాలం పూడిక తీశాక, నీళ్ల పరీక్ష నెగ్గాక మొదలుపెడతాం. ఉత్తరం మెట్ల దగ్గర, ఆడపిల్లలందరికీ, ఆరేళ్లు దాటినవాళ్లకి. 108 తమ్ముడూ, ఆ రోజు నీ బొమ్మని తీసుకురావాలి.

బొబ్బిలి అన్నయ్యా, గేట్ల కొండీ ఎంత ఎత్తులో ఉండాలో మీరు వచ్చి చూసి చెప్పండి. మీ మాట లేకుండా పెట్టించను.

ఇంకొక్కటి. ఆనపకాయ బుర్రలు ఇప్పుడెవరూ ఎండబెట్టట్లేదు. మా పంక్చర్ షాపతను పాత లారీ ట్యూబులు రెండిచ్చాడు, ఒకటి గాలి నిలవట్లేదు. గజపతినగరం, చీపురుపల్లి వైపు ఎవరి దగ్గరైనా పాత ట్యూబులుంటే ఇక్కడ చెప్పండి, ఆటో పంపిస్తాను. పిల్లలు పదకొండు మంది పేర్లు ఇచ్చారు.